కోడి దాణాలో కలిసిన మందు

విశాఖపట్నం ద్వారకా నగర్‌లో ఏ లైనులోకి తిరిగినా ఒక క్లినిక్కో, ల్యాబో, మందుల షాపో తగులుతుంది. శ్రీకాకుళం, పార్వతీపురం వైపు నుంచి వచ్చి ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు దిగినవాళ్లు పాత రిపోర్టుల కవరు చంకన పెట్టుకుని నడిచే దారి ఇది. ఇక్కడి ల్యాబుల్లో ఇచ్చే కాగితాల్లో ‘కల్చర్ రిపోర్ట్’ అని ఒకటుంటుంది. ఎడమవైపు వరసగా మందుల పేర్లు, వాటికి ఎదురుగా ఒక్కొక్క అక్షరం. ఎస్ అంటే ఆ మందుకు క్రిమి లొంగుతుంది. ఆర్ అంటే లొంగదు. ఐ అంటే మధ్యస్తం. మూత్రంలో మంట అని వచ్చిన మనిషి కాగితంలో ఆర్‌లు బారులు తీరి ఉండటం ఇప్పుడు డాక్టర్లకు వింతేమీ కాదు.

ఆ అక్షరాలు ఎలా పుడతాయో చూడాలంటే ల్యాబు వెనక గదిలోకి వెళ్లాలి. గుండ్రటి ప్లేటులో జిగురులా గడ్డకట్టిన లేత పసుపు అగార్, దాని మీద పలచగా పూసిన క్రిమి, పైన కుంకుమబొట్టంత కాగితపు బిళ్లలు. ఒక్కో బిళ్లలో ఒక్కో మందు. రాత్రంతా వెచ్చగా ఉంచి మర్నాడు తీస్తే, మందు పనిచేసిన బిళ్ల చుట్టూ క్రిమి పెరగక ఖాళీ వలయం కనబడుతుంది. టెక్నీషియను స్కేలు పెట్టి ఆ వలయం అడ్డుకొలతను మిల్లీమీటర్లలో తీస్తాడు. బావర్, కిర్బీ అనేవాళ్లు 1966లో స్థిరపరిచిన పద్ధతి ఇది, ఇప్పటికీ నడుస్తోంది. వలయం లేకుండా క్రిమి బిళ్ల అంచు దాకా పాకేస్తే అది ఆర్.

ఇవే వీధుల్లో సాయంత్రం ఆమ్లెట్ బండ్లు వెలుగుతాయి. కోచింగ్ సెంటర్ల నుంచి బయటపడ్డ పిల్లలకు చవగ్గా కడుపు నింపేది కోడిగుడ్డే. గుడ్ల సమన్వయ కమిటీ, అంటే నెక్, రోజూ ప్రకటించే వంద గుడ్ల ధరల పట్టికలో వైజాగ్‌కి విడిగా ఒక వరస ఉంది. ఆ కల్చర్ కాగితానికీ ఈ గుడ్ల ధరకీ మధ్య ముప్పావు శతాబ్దపు చరిత్ర ఉంది. అది మొదలైంది అమెరికాలో. అయితే మొదలైన ప్రయోగశాలకు పరిశోధనా సారథి మన భీమవరం మనిషి.

అంతకుముందు కోస్తాలో కోడి అంటే పెరటి సంగతి. ఆడవాళ్ల చిల్లర ఖర్చులకు గుడ్లు, పండక్కి కూర, సంక్రాంతికి బరి. డేగ, కాకి, నెమలి అని రంగును బట్టి పుంజుకు పేరు పెట్టి, ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో చెప్పే కుక్కుట శాస్త్రం దాకా మనవాళ్లు వెళ్లారు గానీ, కోడి జబ్బు మీద అంత శ్రద్ధ పెట్టినట్టు కనబడదు. కొక్కెర తెగులు వచ్చిందంటే ఊళ్లో గూళ్లన్నీ ఖాళీ. 1920ల చివర కుమావూ కొండల్లోని రాణిఖెట్‌లో గుర్తించడంతో దానికి ఆ ఊరి పేరే పడింది. అది వైరస్ జబ్బు, ఏ యాంటీబయోటిక్‌కీ లొంగదు. 1940ల్లో టీకా వచ్చాకే వందల కోళ్లను ఒకచోట పెంచవచ్చన్న ధైర్యం వచ్చింది. కోళ్ల పరిశ్రమను నిలబెట్టింది టీకా. ఆ పేరు మాత్రం యాంటీబయోటిక్ కొట్టేసింది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టి, ఆంగ్లేయ ప్రొఫెసరు కోపానికి గురై, ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకున్న కథ తెలుగు పిల్లలు పాఠాల్లో చదివిందే. అన్నదమ్ములను పొట్టనబెట్టుకున్న స్ప్రూ అనే పేగు జబ్బు ఆయన్ని జీవితాంతం వెంటాడింది. హార్వర్డ్‌లో ఏళ్ల తరబడి పనిచేసి, 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లారు. కొద్ది కాలానికే అక్కడి పరిశోధన మొత్తానికి డైరెక్టరు అయ్యారు. ఫోలిక్ యాసిడ్, బోదకాలుకు వాడే హెట్రజాన్, క్యాన్సరు మందుల తొలితరం, ఇవన్నీ ఆయన నడిపిన బృందాల ఫలితాలే.

ఆ ప్రయోగశాలలో కోడిపిల్లలకు పెద్ద పని ఉండేది. విటమిన్లను వెతికేవాళ్లకు కోడిపిల్లే కొలబద్ద. ఒక పదార్థం తీసేసిన దాణా పెడితే పిల్ల ఎదగదు, ఆ పదార్థం చేరిస్తే ఎదుగుతుంది. తూకం చూసి విటమిను ఉందో లేదో చెప్పేయవచ్చు. ఫోలిక్ యాసిడ్ వేటలో ఉన్న రాబర్ట్ స్టోక్‌స్టాడ్, కోళ్ల పోషణలో తలపండిన థామస్ జూక్స్ ఇద్దరూ సుబ్బారావు ఏలుబడిలోనే పనిచేశారు.

మరోవైపు సుబ్బారావు మట్టి పోగు చేయించడం మొదలుపెట్టారు. పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ లొంగదీయలేని క్రిములను కూడా కొట్టే మందు మట్టిలోని సూక్ష్మజీవుల్లో దొరుకుతుందని ఆయన నమ్మకం. డెబ్బై దాటి, యూనివర్సిటీ నుంచి రిటైరైన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్‌ను ఆ పనిలో పెట్టారు. మిస్సోరీ విశ్వవిద్యాలయపు పాత ప్రయోగ పొలం నుంచి వచ్చిన మట్టిలో ఒక బంగారు రంగు సూక్ష్మజీవి దొరికింది. దాని నుంచి 1945లో తీసిన మందే ఆరియోమైసిన్, అంటే క్లోర్‌టెట్రాసైక్లిన్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో పెద్దన్న. 1948 జూలైలో దాన్ని లోకానికి ప్రకటించారు. ఆగస్టు రెండో వారానికే సుబ్బారావు నిద్రలో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53.

ఆ డిసెంబరులో జరిగింది ఆయన చూడలేదు. అమెరికాలో మాంసాహారపు దాణా ఖరీదై, సోయా పిండితో కోళ్లను పెంచుతున్న రోజులవి. సోయాలో లేని ఏదో పోషకం కోసం జూక్స్ వెతుకుతున్నాడు. అది బీ12 అని అప్పుడప్పుడే తేలుతోంది. ఆరియోమైసిన్ తీసేశాక తొట్టెలో మిగిలిపోయే పిప్పిలో బీ12 ఉంటుంది, పారబోసే సరుకే గనక చవక. కొన్ని గుంపుల కోడిపిల్లలకు రకరకాల పదార్థాలు పెట్టి, ఒక గుంపుకు ఈ పిప్పి కలిపిన దాణా పెట్టాడు. 1948 డిసెంబరు 25న, సిబ్బంది పండక్కి ఇళ్లకు వెళ్లిపోతే, ఒక్కడే కూర్చుని పిల్లలను తూచాడు. అన్నిటికన్నా బరువు తూగినవి పిప్పి తిన్న పిల్లలు. శుద్ధమైన బీ12తో వివరించలేనంత ఎదుగుదల. పిప్పిలో ఇంకా మిగిలిన ఆరియోమైసిన్‌దే ఆ పని అని తర్వాత తేలింది.

1950లో ఆ సంగతి పత్రికలకెక్కింది. టన్ను దాణాకు కొన్ని గ్రాములు చాలు. జబ్బు లేని కోడి కూడా తొందరగా ఎదుగుతుంది, తక్కువ మేతకు ఎక్కువ మాంసం ఇస్తుంది. 1951లో అమెరికా ప్రభుత్వం పశువైద్యుడి చీటీ అవసరం లేకుండానే దాణాలో కలపడానికి అనుమతిచ్చింది. ఎందుకు ఎదుగుతోందన్న ప్రశ్నకు మాత్రం అందరూ ఒప్పుకున్న జవాబు అప్పుడు లేదు. ఇప్పటికీ వాదాలే. పేగులోని క్రిములు తినేసే వాటా తగ్గుతుందని కొందరు, పేగుకు వాపు తగ్గుతుందని కొందరు. వ్యాపారం జవాబు కోసం ఆగదు గదా.

ఇక మన వైపు. 1960ల దాకా ఆంధ్రలో కోళ్ల ఫారం అంటే ప్రభుత్వ ప్రదర్శన క్షేత్రమో, ఉత్సాహవంతుడైన రైతు సరదాయో. వైట్ లెగ్‌హార్న్ కోళ్లు, ఊక పరిచిన షెడ్లు, తర్వాత ఇనుప బోనులు వచ్చాయి. గోదావరి జిల్లాల్లో రైసుమిల్లుల తవుడు, నూకలు చేతికందేవి. కాలువల కింద రెండు పంటలు తీసిన రైతు దగ్గర పెట్టుబడి ఉంది. అనపర్తి, తణుకు చుట్టుపక్కల పొలాల మధ్య పొడవాటి షెడ్లు లేచాయి. విశాఖ చుట్టూ ఆనందపురం, సబ్బవరం వైపు కూడా అదే వరస. ఓడరేవు, ఆ తర్వాత ఉక్కు కర్మాగారం తెచ్చిన జనానికి గుడ్డు కావాలి. మిగిలింది లారీలెక్కి ఒడిశా, బెంగాల్, అస్సాం దాకా పోతుంది.

ఈ వ్యాపారానికి నడుం కట్టిన మనిషి కూడా తెలుగువాడే. బండ వాసుదేవరావు. బీవీ రావు అంటేనే తెలుస్తుంది. 1971లో పుణేలో వేంకటేశ్వర హేచరీస్ మొదలుపెట్టారు. ఇవాళ ఏ లేయరు, అంటే గుడ్ల కోళ్ల, రైతునడిగినా చెప్పే బీవీ-300 అన్న కోడి పేరులో ఉన్న అక్షరాలు ఆయనవే. గుడ్డు ధర దళారి నోటిమాట మీద నడిచే రోజుల్లో ఊరూరా తిరిగి రైతులను కూడగట్టి 1982లో నెక్ పెట్టించారు. నా గుడ్డు, నా ధర, నా బతుకు అన్నది అప్పటి నినాదం. తరవాతి లెక్కలు చూస్తే ఆ పని ఎంత పండిందో తెలుస్తుంది. 2019 పశుగణనలో ఆంధ్రప్రదేశ్‌లో కోళ్లు సుమారు 10.78 కోట్లు. 2022-23లో దేశం పెట్టిన 13,838 కోట్ల గుడ్లలో ఐదో వంతు ఈ రాష్ట్రానివే, మరో ఎనిమిదో వంతు తెలంగాణవి.

మాంసం కోసం పెంచే బ్రాయిలరు కోడి జీవితం దాదాపు ఆరు వారాలు. ఒక్క షెడ్డులో వేల పిల్లలు, ఒకే గాలి, ఒకే నీటి పైపు. రైతు భయమంతా రెండు మూడు మాటల్లో ఉంటుంది: సీఆర్‌డీ, ఈకోలై, మోర్టాలిటీ. రాత్రి దీపాలార్పి షెడ్డు మధ్యలో కాసేపు కదలకుండా నిలబడతాడు అనుభవమున్నవాడు. పిల్లలన్నీ సద్దుమణిగాక ఎక్కడో ఒక మూల సన్నగా గురగుర వినబడిందంటే సీఆర్‌డీ అనే ఊపిరి జబ్బు దిగినట్టే. అది మైకోప్లాస్మా గల్లిసెప్టికమ్ అనే క్రిమి పని. దానికి కణగోడే లేదు, అందుకే గోడ కట్టడాన్ని అడ్డుకునే పెన్సిలిన్ దాని ముందు పనిచేయదు. అది ఊపిరి దారిని గీరి పెడితే వెనకే ఈకోలై అనే పేగు క్రిమి దూరుతుంది. చచ్చిన పిల్లను కోసి చూస్తే గుండె మీద, కాలేయం మీద తెల్లటి పొర, అన్నం గంజి కట్టినట్టు. నీళ్ల ట్యాంకులో మందు పోయాల్సిందేనని అప్పుడనిపిస్తుంది ఎవరికైనా. నష్టం లెక్కేసుకునే రైతును తప్పుబట్టడం తేలిక. ల్యాబుకు పంపి, బిళ్లల చుట్టూ వలయాలు కొలిచి, ఫలితం వచ్చేలోగా షెడ్డులో సగం పోతే ఎవరిస్తారు?

అసలు చిక్కు జబ్బుకు వాడిన మందుతో కాదు. జబ్బు లేకపోయినా, ముందు జాగ్రత్తగా, బరువు కోసం, పిల్ల దిగిన రోజు నుంచి కొద్దికొద్దిగా పోసిన మందుతో. చంపేంత మోతాదు కాదది, శిక్షణ ఇచ్చేంత మోతాదు. ఈ సంగతి పెద్దలకు తెలియక కాదు. 1951లోనే అమెరికాలో స్టార్, రెనాల్డ్స్ అనే ఇద్దరు స్ట్రెప్టోమైసిన్ తిన్న టర్కీ కోళ్ల పేగుల్లో ఆ మందుకు లొంగని క్రిములను చూపించారు. అంటే దాణాకు అనుమతి దొరికిన ఏడే హెచ్చరిక కూడా అచ్చయింది.

తర్వాతి దెబ్బ జపాన్ నుంచి. యుద్ధం ముగిశాక అక్కడ రక్త విరేచనాల షిగెల్లా క్రిమి ఒకేసారి నాలుగు మందులకు ఎదురు తిరగడం మొదలైంది. ఒక్కొక్క మందుకు విడివిడిగా మార్పు వచ్చే అవకాశమే అరుదు, నాలుగూ ఒకేసారి ఎలా? 1959 నాటికి ఓచియాయి, అకీబా బృందాలు జవాబు పట్టాయి. నిరోధకత తల్లి నుంచి పిల్లకే కాదు, పక్కనున్న వేరే జాతి క్రిమికీ చేరుతోంది. ఈకోలై నుంచి షిగెల్లాకు. మోసుకుపోయేది ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్ట. బ్రిటన్‌లో 1969లో స్వాన్ కమిటీ, మనుషులకు వాడే యాంటీబయోటిక్‌లను ఎదుగుదల కోసం పశువుల మేతలో కలపొద్దని తేల్చింది. స్వీడన్ 1986లో, ఐరోపా సంఘం మొత్తంగా 2006లో ఆ వాడకాన్ని ఆపాయి.

స్టువర్ట్ లెవీ అనే శాస్త్రవేత్త ప్రయోగం ఇక్కడ చెప్పుకోవాలి, ఎందుకంటే అది ఒక మామూలు ఇంటి కోళ్ల షెడ్డులో జరిగింది. బోస్టన్ దగ్గర ఒక కుటుంబం పొలంలో 300 కోడిపిల్లలు తెచ్చి, సగానికి టెట్రాసైక్లిన్ కలిపిన దాణా, సగానికి మామూలు దాణా పెట్టించాడు. ఒకటి రెండు రోజుల్లోనే మందు తిన్న పిల్లల రెట్టలో టెట్రాసైక్లిన్‌కు లొంగని ఈకోలై. మూడు నెలలు తిరిగేసరికి వాటికి ఎన్నడూ పెట్టని మందులకు కూడా లొంగనివి. ఆరు నెలలలోపు ఆ ఇంటివాళ్ల పేగుల్లోనూ అవే. వాళ్లు ఆ కోళ్లను తినలేదు, కేవలం మేత వేశారు, ఊడ్చారు. 1976లో అచ్చయిన ఈ పరిశోధనను కొట్టిపారేయడానికి దాణా పరిశ్రమ చాలా కష్టపడింది.

ఇంతకూ క్రిమి అంత సులువుగా పరాయి డీఎన్ఏను ఎందుకు రానిస్తుంది? నిజానికి రానివ్వకూడదు. బ్యాక్టీరియాకూ సొంత రోగనిరోధక వ్యవస్థ ఉంది. బ్యాక్టీరియాను వేటాడేది ఫేజ్ అనే వైరస్. 1896లో ఆగ్రాలో పనిచేస్తున్న ఎర్నెస్ట్ హాంకిన్, గంగా యమునల నీటిలో కలరా క్రిమిని చంపే ఏదో ఉందని రాశాడు. 1917లో ఫెలిక్స్ దెరెల్ దానికి ఫేజ్ అని పేరు పెట్టాడు. ఆ ఫేజ్‌ను మందుగా మొదట వాడింది దేని మీదో చాలామందికి తెలియదు. 1919లో ఫ్రాన్స్ పల్లెల్లో టైఫాయిడ్ లాంటి సాల్మొనెల్లా జబ్బుతో చస్తున్న కోళ్ల మీద. చావులు తగ్గాయని నమ్మకం కుదిరాకే మనుషుల దాకా వచ్చాడు. తర్వాత మన దేశానికీ వచ్చి కలరా మీద పనిచేశాడు. పట్నా, అస్సాంలలో ఫేజ్ ప్రయోగాలు 1930ల దాకా సాగాయి. యాంటీబయోటిక్ రాగానే అదంతా మరుగున పడిపోయింది.

ఫేజ్‌కు బ్యాక్టీరియా ఎదురు నిలవడం 1950ల మొదట్లో సాల్వడార్ లూరియా కంటబడింది. ఒక రకం ఈకోలైలో పెరిగిన ఫేజ్ ఇంకో రకంలోకి వెళితే ముక్కలైపోతోంది. వెర్నర్ ఆర్బర్, హామిల్టన్ స్మిత్, డేనియల్ నాథన్స్ ఆ కత్తెర ఎంజైముల గుట్టు విప్పి 1978లో నోబెల్ పంచుకున్నారు. తన డీఎన్ఏ మీద గుర్తు వేసుకోవడం, గుర్తు లేనిదాన్ని కత్తిరించడం, ఇదీ ఆ పద్ధతి. దీనికన్నా తెలివైనది క్రిస్పర్. 1987లో ఒసాకాలో యోషిజుమి ఇషినో ఈకోలైలో దాని ఆనవాలు చూశాడు, ఎందుకుందో తెలియలేదు. 2007లో పెరుగు తోడు క్రిముల మీద పనిచేస్తున్న పరిశ్రమ శాస్త్రవేత్తలు తేల్చారు. ఒకసారి దాడి చేసిన ఫేజ్ డీఎన్ఏ ముక్కను క్రిమి తన జన్యుపదార్థంలోనే దాచుకుంటుంది. పోలీసు స్టేషను గోడ మీద పాత నేరస్థుల ఫొటోలు అతికించినట్టు. ఆ ఫొటోతో పోలిక కలిసినవాడు మళ్లీ వస్తే అక్కడికక్కడే నరికేస్తుంది.

ఈ కాపలాకు ఫేజ్ ఏదో ప్లాస్మిడ్ ఏదో వివేచన లేదు. రెండూ పరాయి డీఎన్ఏలే. 2008లో మరఫీనీ, సాంథైమర్ అనే శాస్త్రవేత్తలు స్టాఫిలోకాకస్‌లో క్రిస్పర్ ప్లాస్మిడ్‌లను కూడా అడ్డుకుంటుందని చూపించారు. అంటే నిరోధక జన్యువును మోసుకొచ్చే బండిని గుమ్మంలోనే ఆపే సామర్థ్యం క్రిమికి ఉంది. అలాంటప్పుడు మందుల వాన కురిసే చోట ఎవరు బతుకుతారు? గుమ్మం తెరిచి పెట్టుకున్నవాళ్లే. 2010లో పామర్, గిల్మోర్ ఎంటరోకాకస్ ఫీకాలిస్ రకాలను వరసబెట్టి చూసి అదే అన్నారు. అనేక మందులకు లొంగని రకాల్లో క్రిస్పర్ లేదు, లొంగే రకాల్లో ఉంది. 1987లో అమెరికా ఆసుపత్రిలో దొరికిన వాంకోమైసిన్‌కు లొంగని వీ583 అనే రకంలో నాలుగో వంతుకు పైగా జన్యుపదార్థం బయట నుంచి తెచ్చుకున్నదే. ఎంటరోకాకస్ కోడి పేగులోనూ కాపురముండే క్రిమి. వాంకోమైసిన్‌కు చుట్టమైన అవోపార్సిన్‌ను ఐరోపాలో ఏళ్ల తరబడి కోళ్ల దాణాలో కలిపారు. డెన్మార్క్ 1995లో దాన్ని ఆపింది.

గుమ్మం తెరిచి పెట్టుకున్నవాళ్లే బతుకుతారన్న మాటను అన్ని క్రిములకూ అంటగట్టకూడదు. ఈకోలైలో క్రిస్పర్ ఉన్నా ఎక్కువ కాలం నిద్రలోనే ఉంటుంది. కొన్ని ప్లాస్మిడ్‌లు కత్తెర ఎంజైమును కూడా తమతోపాటే మోసుకొస్తాయి. జన్యు ఇంజినీరింగ్‌కు పునాదిరాయి వేసిన ఈకోఆర్‌వన్ అనే కత్తెర దొరికిందే మందులకు లొంగని ప్లాస్మిడ్ మోస్తున్న ఈకోలైలో. 1973లో కోహెన్, బోయర్ దానితో మొదటిసారి జన్యువును అతికించిన ప్లాస్మిడ్ టెట్రాసైక్లిన్ నిరోధక జన్యువును మోసేది. సుబ్బారావు బృందం మందుకు ఎదురు తిరిగే ఆ జన్యువే, అతుకు కుదిరిన క్రిమిని ఏరడానికి అక్కరకొచ్చింది. ఇన్సులిన్ క్రిమితో చేయించుకునే దారి అక్కడ మొదలైంది. చెడు చేసే సరుకు ల్యాబులో మంచి పనిముట్టు కావడం జీవశాస్త్రంలో కొత్త కాదు.

మన సీఆర్‌డీ క్రిమి కథ ఇంకా విచిత్రం. 1994లో వాషింగ్టన్ పరిసరాల్లో హౌస్ ఫించ్ అనే చిన్న పిట్టలకు కళ్లు వాచి గుడ్డివవడం కనబడింది. కారణం మైకోప్లాస్మా గల్లిసెప్టికమ్. ఫారం కోడి నుంచి పిట్టకు దూకింది. ఏడాదికేడాది తీసిన నమూనాల జన్యువులు చదివి 2012లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పిట్టలో స్థిరపడిన క్రిమి పన్నెండు పదమూడేళ్లలోనే తన క్రిస్పర్ యంత్రాన్ని వదిలేసుకుంది. అడవి పిట్టకు ఎవరూ మందు పోయలేదు, కాబట్టి ఇది మందుల తప్పు కాదు. అయితే క్రిమికి రోగనిరోధక వ్యవస్థ శాశ్వతమైన ఆస్తి కాదని, అక్కర తీరితే అంత వేగంగా వదిలేస్తుందని తెలిసింది. ఆరు వారాలకొకసారి కొత్త పిల్లలు దిగే షెడ్డులో క్రిమికి పన్నెండేళ్లంటే వంద బ్యాచ్‌లు.

భారతదేశంలో ఈ చర్చ వార్తల్లోకి వచ్చింది కోలిస్టిన్‌తో. 1940ల చివర జపాన్‌లో దొరికిన ఈ మందు మూత్రపిండాలను దెబ్బతీస్తుందని 1970ల్లో డాక్టర్లు పక్కన పెట్టేశారు. మిగతా మందులన్నీ ఓడిపోయాక, ఐసీయూలో ఆఖరి ఆశగా మళ్లీ బయటకు తీశారు. ఈలోగా అది కోళ్లకు, పందులకు చవక మందుగా స్థిరపడింది. 2015 నవంబరులో చైనా శాస్త్రవేత్తలు పందుల్లో, మాంసంలో, రోగుల్లో ప్లాస్మిడ్ మీద ప్రయాణించే కోలిస్టిన్ నిరోధక జన్యువు ఎంసీఆర్-1ను ప్రకటించారు. మన కేంద్ర ఆరోగ్య శాఖ 2019 జూలై 19న ఆహార జంతువులకు, కోళ్లకు, చేపలకు, దాణాలో కలపడానికి కోలిస్టిన్ తయారీనీ అమ్మకాన్నీ నిషేధించింది. అప్పటికే పంజాబులో 18 ఫారాల్లో జరిగిన పరిశోధన 2017లో అచ్చయింది. పెన్సిలిన్ తరహా మందులను విరగ్గొట్టే విస్తృత వర్ణపట బీటాలాక్టమేజ్ ఎంజైమును తయారుచేసే ఈకోలై బ్రాయిలర్లలో 87 శాతం, లేయర్లలో 42 శాతం. అదే ఏడు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో నియాజ్ అహ్మద్ బృందం అంగళ్లలో అమ్మే ఫారం కోళ్లలోనూ, తిరుగుడు కోళ్లలోనూ ఇలాంటి ఈకోలైని చూపించింది. నాటుకోడి అయితే భయం లేదనుకునేవాళ్లకు ఈ రెండో ముక్క రుచించదు.

విశాఖకు ఈ పాఠం ఇంకో దారిలో ముందే అందాల్సింది. ఇక్కడి రేవు రొయ్యల ఎగుమతికి దేశంలోనే పెద్ద ద్వారం. ఐరోపా రేవుల్లో మన రొయ్యల్లో నైట్రోఫ్యూరాన్, క్లోరాంఫెనికాల్ ఆనవాళ్లు పట్టుబడి కంటైనర్లు తిరిగొచ్చిన అనుభవం ఉంది. ఆ దెబ్బతో భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో యాంటీబయోటిక్ పేరెత్తితే ఉలిక్కిపడేవాళ్లు తయారయ్యారు. ప్రతి లాటుకు పరీక్ష, కాగితం, సంతకం. కోడికి ఆ యోగం పట్టలేదు. కోడి పరాయి దేశానికి పెద్దగా పోదు, ద్వారకా నగర్‌లోనో గాజువాకలోనో కూరైపోతుంది. తిరిగొచ్చే కంటైనరు లేదు గనక అడిగేవాడూ లేడు. కొనేవాడు ఐరోపా మనిషైతే ఒక న్యాయం, మనవాడైతే ఒక న్యాయం. పైగా రెండు వ్యాపారాలూ విడివిడిగా లేవు. కోళ్ల ఎరువు పొలాలకు పోతుంది. కోడి వ్యర్థాలను చేపల చెరువుల్లో వేయడం మీద కొల్లేరు వైపు ఎన్ని దాడులు జరిగినా పూర్తిగా ఆగలేదు. ప్లాస్మిడ్‌కు జిల్లా సరిహద్దు లేదు, చెరువు గట్టు అంతకన్నా లేదు.

చట్టంలో ఒక ముక్క ఉంది, దాన్ని షెడ్డు లెక్కతో కలిపి చదవాలి. 2012లో మందుల నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం, ఆహార జంతువులకు అమ్మే మందు సీసా మీద విత్‌డ్రాయల్ పీరియడ్ రాయాలి. అంటే ఆఖరి మోతాదు తర్వాత గుడ్డు, పాలు, మాంసం అమ్మకుండా ఆగాల్సిన రోజులు. ఆ జంతువు మీద విడిగా పరీక్షించి తేల్చిన లెక్క లేకపోతే గుడ్డుకు, పాలకు కనీసం 7 రోజులు, కోడి మాంసానికి కనీసం 28 రోజులు. బ్రాయిలరు నలభై రోజులకు లారీ ఎక్కుతుంది. 28 తీసేస్తే పన్నెండు. పిల్ల షెడ్డులో దిగిన పన్నెండో రోజు దాటాక అలాంటి సీసా మూత తీయకూడదన్నమాట. సీఆర్‌డీ గురగుర మాత్రం సాధారణంగా మూడో వారం దాటాకే వినబడుతుంది. అప్పుడు రైతు ముందు మిగిలేవి పిల్లను తెచ్చిన హేచరీలోనే మైకోప్లాస్మా లేదని పరీక్ష చేయించిన కాగితం, వేళకు వేసిన టీకాలు, అమ్మోనియా ఘాటు పట్టకుండా తిరగేసిన ఊక, పక్కకు జరిపిన పరదాల్లోంచి వచ్చే గాలి. వీటన్నిటికీ డబ్బవుతుంది, కిలోకు కొన్ని పైసలో రూపాయో. ఆ రూపాయి ఏ ధరల పట్టికలోనూ ఇంకా విడిగా కనబడటం లేదు.